సమాధి మీద దానిమ్మపండు

నిన్న ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో కెథడ్రల్‌కి (పెద్ద చర్చి) వెళ్లాను. కేథరిన్ ఆఫ్ ఆరగాన్ సమాధి రాయి మీద ఎవరో ఒక దానిమ్మపండు పెట్టి వెళ్లారు. దానిమ్మ ఆమె చిహ్నం. కాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

1509లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీని పెళ్లాడింది. దాదాపు ఇరవై ఏళ్లు కాపురం చేశాక, ఆమె ఒకప్పుడు తన అన్న భార్య కాబట్టి ఈ పెళ్లే చెల్లదన్నాడాయన. 1529లో లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఈ పెళ్లి మీద జరిగిన విచారణలో ఆమె నిండు సభలో భర్త ముందు మోకరిల్లి తన మాట చెప్పుకుంది. తర్వాత లేచి బయటికి నడిచింది. వెనక్కి పిలిచినా ఆగలేదు. ఎంత గుండె నిబ్బరమో!

1533లో పెళ్లి రద్దు చేశారు. ఇక రాణి కాదు, హెన్రీ అన్న ఆర్థర్ వితంతువు మాత్రమేనని హుకుం. ఆమె చచ్చేదాకా ఒప్పుకోలేదు. కూతురు మేరీని కూడా చూడనివ్వలేదు. నాకు కడుపు తరుక్కుపోయింది ఇక్కడే. 1536 జనవరిలో, కింబోల్టన్‌లో, బిడ్డను చూడకుండానే పోయింది.

ఇప్పుడా సమాధి పైన బంగారు అక్షరాల్లో 'కేథరిన్, ఇంగ్లండ్ రాణి' అని ఉంది. రెండుసార్లు చదువుకున్నాను.

రాత్రి అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్తే, "మరి ఆ పిల్ల ఏమైందే?" అని అడిగింది.

"1553లో రాణి అయిందమ్మా" అన్నాను.