మూడు రంగుల టోపీ, ఒకే రంగు కంచు

శనివారం. ఉదయం నుంచి ముసురు. పెట్టెలోంచి పాత బేస్‌బాల్ టోపీలు తీసి దులిపే పని ఇవాళ పెట్టుకున్నాను. ఉన్నివి కాబట్టి ఆరు నెలలకోసారైనా గాలి తగలకపోతే పురుగు పడుతుంది. నాలుగున్నాయి: మాంట్రియల్ ఎక్స్‌పోస్, మిల్వాకీ బ్రూయర్స్, బాల్టిమోర్ ఓరియోల్స్, క్లీవ్‌లాండ్. మూడింటికి మెత్తటి బ్రష్షు చాలు. ఎక్స్‌పోస్ టోపీ మాత్రం నుదురు తగిలే పట్టీ దగ్గర పచ్చబడింది. అది ఉతకాల్సిందే, ఉతకడానికి అన్నిటికంటే భయపెట్టేదీ అదే.

భయం ఎందుకంటే దాని ముందు భాగం తెలుపు, పక్కలూ వెనకా నీలం, ముందుకు వచ్చే చూరు ఎరుపు. నీళ్లు వేడిగా ఉన్నా, సబ్బులో క్షారం ఎక్కువైనా ఎరుపూ నీలమూ కరిగి తెలుపులోకి పాకుతాయి. ఒకసారి పాకిన రంగు ఇక వదలదు. అందుకని ముందు లోపలి కుట్టు దగ్గర తడి తెల్లగుడ్డను అర నిమిషం అదిమి చూడాలి. గుడ్డకు రంగు అంటిందా, ఇక టోపీని నీళ్లలో ముంచే మాటే వద్దు, తడిగుడ్డతో మరక వరకే తుడుచుకోవాలి. అంటకపోతే గిన్నెడు చన్నీళ్లలో చెంచాడు మెత్తటి లిక్విడ్ సబ్బు కలిపి, మెత్తని పళ్ల బ్రష్షుతో ఒక్కో ముక్కనూ విడివిడిగా రుద్దాలి. తెలుపు మొదట, ఎరుపు చివర. బట్టల సోడా పొడి పనికిరాదు. బ్లీచ్ అసలు ముట్టుకోకూడదు, అది ఉన్నిని తినేస్తుంది, తెలుపును పసుపు చేస్తుంది. చివరి తుడుపు నీళ్లలో చెంచాడు తెల్ల వెనిగర్ కలిపితే ఉన్ని రంగు కాస్త నిలబడుతుంది.

పూర్తిగా నానబెట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. పాత టోపీల చూరు లోపల అట్ట ఉంటుంది. ప్లాస్టిక్ తర్వాత వచ్చింది. అట్ట నానితే ఉబ్బి వంకర తిరుగుతుంది, ఆరాక సాపు కాదు. ముందు తెల్లభాగం వెనక గంజి పట్టించిన బిరుసు గుడ్డ ఉంటుంది. అది మెత్తబడితే టోపీ నుదుటి మీద నిలబడకుండా వాలిపోతుంది. వాషింగ్ మెషీనుతో రెండు ప్రమాదాలూ ఒకేసారి వస్తాయి, పైగా వేడికీ కుదుపుకీ ఉన్ని పోగులు ఒకదానికొకటి చిక్కుకుని టోపీ కుంచించుకుపోతుంది. తుడవడం అయ్యాక తల సైజు గిన్నె బోర్లించి, దాని మీద తొడిగి, నీడలో ఆరబెట్టాను. ఎండలో పెడితే ముందు వెలిసేది ఎరుపే.

ఆరేదాకా దాని మీది గుర్తును చూస్తూ కూర్చోవచ్చు, అంత పని ఉంది అందులో. దూరం నుంచి చూస్తే మాంట్రియల్ ‘ఎమ్’. దగ్గరికి వస్తే ఎడమ పక్క ఎర్రటి చిన్నబడి ‘ఇ’, కుడి పక్క నీలపు ‘బి’ కనిపిస్తాయి: ఎక్స్‌పోస్, బేస్‌బాల్. 1967లో మాంట్రియల్‌లో జరిగిన ఎక్స్‌పో ప్రపంచ ప్రదర్శన పేరే జట్టుకు పెట్టారు. 1969లో ఆడటం మొదలుపెట్టింది. మేజర్ లీగ్ అంటే అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి పోటీ. అమెరికా వెలుపల ఆ లీగు జట్టు పుట్టడం అదే మొదలు. మూడు రంగుల టోపీ 1991 దాకా నడిచింది, 1992 నుంచి మొత్తం నీలం. ఆ నీలం టోపీతోనే 1994 ఆగస్టులో 74 గెలుపులు, 40 ఓటములతో మేజర్ లీగ్ జట్లన్నిటిలోకీ ముందున్నారు. ఆగస్టు 12న ఆటగాళ్ల సమ్మె మొదలైంది, ఆ ఏడు విజేతను తేల్చే ఫైనల్ పోరు, వరల్డ్ సిరీసే జరగలేదు. 2004 సీజన్ ముగిశాక జట్టు వాషింగ్టన్‌కు తరలి నేషనల్స్ అయింది. ఊరూ పోయింది, పేరూ పోయింది, గుర్తూ పోయింది. టోపీ మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతోంది.

ఈ బాధ తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డెక్కన్ చార్జర్స్ 2009లో జొహానెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో బెంగళూరును 6 పరుగులతో ఓడించి ఐపీఎల్ గెలిచింది. 2012 తర్వాత ఆ జట్టే లేదు. దూసుకొచ్చే ఎద్దు గుర్తుతో అప్పటి జెర్సీ ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి. సన్‌రైజర్స్ వచ్చినంత మాత్రాన ఆ ఎద్దును మరిచిపోవాలని లేదు.

అయితే ఐపీఎల్‌లో లేనిదీ బేస్‌బాల్‌లో ఉన్నదీ ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో హాల్ ఆఫ్ ఫేమ్, బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ మందిరం. 1939 జూన్ 12న తెరిచారు. అక్కడ చోటు దొరికిన ప్రతి ఒక్కరికీ ఒక కంచు ఫలకం. పదిహేనున్నర అంగుళాల ఎత్తు, పదింముప్పావు అంగుళాల వెడల్పు, పద్నాలుగున్నర పౌన్ల బరువు, అంటే మన లెక్కలో ఆరున్నర కిలోలు. మీద ముఖం, తలపై టోపీ, కింద పేరు, ఆడిన జట్లు, ఏళ్లు, ఆ తర్వాత కొద్ది వాక్యాల్లో ఆయన చేసిన పని. జట్ల వరుసలో ముద్దుపేర్లు రాయరు. ఊరు, లీగు, ఏళ్లు, అంతే. కాబట్టి పోయిన జట్టు గుర్తు అక్కడ నిలవాలంటే అది టోపీ మీదే నిలవాలి. కంచులో రంగులుండవు. ఎరుపు ‘ఇ’, నీలం ‘బి’ ఒకే రంగయిపోతాయి, ఆకారం ఒక్కటే మిగులుతుంది. ఎక్స్‌పోస్ గుర్తు ఆ పరీక్షకు కాస్త ఇబ్బంది పడుతుందనే చెప్పాలి. రంగు తీసేస్తే అక్షరాలు వెంటనే విడివడవు. అయినా అక్కడ అది ఉండటమే పెద్ద మాట.

ఆ గుర్తు మూడు ఫలకాల మీద ఉంది. గ్యారీ కార్టర్, ఆండ్రే డాసన్, టిమ్ రేన్స్. మొదటి ఇద్దరూ కోరుకున్నది వేరే టోపీ.

కార్టర్ క్యాచర్, మన వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. 1974 నుంచి 1984 దాకా మాంట్రియల్, తర్వాత ఐదేళ్లు న్యూయార్క్ మెట్స్, చివరికి 1992లో మళ్లీ మాంట్రియల్. వరల్డ్ సిరీస్ గెలిచింది 1986లో మెట్స్‌తో. ఓటింగ్‌లో ఆరో ఏడు, 2003లో ఎన్నికయ్యాడు. బేస్‌బాల్ రచయితల సంఘంలో పదేళ్లు సభ్యులుగా ఉన్నవాళ్లు ఓటేస్తారు, 75 శాతం రావాలి, ఒక్కో ఓటరు పది పేర్లకు మించి రాయకూడదు. మెట్స్ టోపీ కావాలని ఆయనకుంది. హాల్ మాత్రం ఎక్స్‌పోస్ అంది. అంతకు ముందు ఈ విషయంలో ఆటగాడి మాటే ఎక్కువగా చెల్లేది. ఫలానా టోపీ పెట్టుకుంటే డబ్బు ముట్టజెబుతామని జట్లు బేరాలాడుతున్నాయన్న మాటలు బయటికొచ్చాక 2001లో చివరి నిర్ణయం హాల్ తన చేతుల్లోకి తీసుకుంది. ఆటగాడిని అడుగుతారు, కానీ ఆయన ఎక్కువ ముద్ర వేసింది ఎక్కడో చూసి తామే తేలుస్తారు.

డాసన్ సంగతి ఇంకా మెలిక. పదకొండు సీజన్లు మాంట్రియల్‌లో, ఒలింపిక్ స్టేడియం కృత్రిమ గడ్డి మీద పరిగెత్తి మోకాళ్లు అరిగిపోయాయి. ఆ గడ్డి కింద నేల గట్టిది, ప్రతి అడుగు దెబ్బా నేరుగా కీలుకే తగులుతుంది. అసలు గడ్డి ఉన్న చికాగో కబ్స్‌కు వెళ్లడానికి 1987లో జీతం అంకె రాయని కాంట్రాక్టు చేతిలో పెట్టాడు. వాళ్లు ఐదు లక్షల డాలర్లు రాశారు. ఆ ఏడు 49 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి, జట్టు తన విభాగంలో అట్టడుగున ఉన్నా ఎమ్‌వీపీ, అంటే లీగులో ఆ ఏటి మేటి ఆటగాడు అయ్యాడు. తొమ్మిదో ప్రయత్నంలో, 2010లో ఎన్నికయ్యాడు. కబ్స్ టోపీ అడిగితే ఎక్స్‌పోస్ ఇచ్చారు.

ఆయన మనసుకు కష్టం కలిగిందని ఒప్పుకుంటూనే, ఆ నిర్ణయం సరైనదని నేను నమ్ముతాను. ఫలకం ఆటగాడి ఇష్టానికి గుర్తు కాదు, జరిగిన ఆటకు గుర్తు. పదకొండేళ్లు ఆ ఊరి జనం టికెట్ కొని చూసిన మనిషి ఆయన. కబ్స్‌కు అభిమానులు వేరే చోట్ల కోట్లలో ఉన్నారు. మాంట్రియల్ అభిమానికి వెళ్లి నిలబడటానికి సొంత స్టేడియం లేదు, జట్టు లేదు, ఉన్నవి మూడు కంచు ముక్కలు.

కానీ అదే సూత్రం 2018లో ఎందుకు సడలిందో అంతుపట్టదు. వ్లాదిమిర్ గెరేరో ఎనిమిది సీజన్లు మాంట్రియల్‌లో, ఆరు ఏంజెల్స్ అనే జట్టుతో ఆడాడు. ఆటల సంఖ్య చూసినా మాంట్రియలే ముందు. ఎమ్‌వీపీ 2004లో ఏంజెల్స్‌తో వచ్చింది. డాసన్‌కు కూడా ఎమ్‌వీపీ రెండో జట్టుతోనే కదా వచ్చింది? అయినా గెరేరో ఫలకం మీద ఏంజెల్స్ గుర్తు పడింది, ఆ జట్టు గుర్తుతో వచ్చిన మొదటి ఫలకం అదే. నాలుగోది రావాల్సిన చోట రాలేదు. ఈ వెలితి నాకు ఇంకా తీరలేదు.

మధ్యాహ్నం టోపీ తిప్పి చూస్తే వెనక భాగం ఆరింది, చూరు ఇంకా చల్లగానే ఉంది.

ఫలకాల మీద గుర్తే లేని టోపీలు ఇంకో సంగతి. ముగ్గురు పిచ్చర్లు, అంటే బంతి విసిరేవాళ్లు: గ్రెగ్ మాడక్స్ (2014), రాయ్ హాలడే, మైక్ ముసీనా (ఇద్దరూ 2019). ముసీనాది ఒప్పుకోదగ్గ కేసు: బాల్టిమోర్‌లో పదేళ్లు 147 విజయాలు, న్యూయార్క్ యాంకీస్‌తో ఎనిమిదేళ్లు 123. ఏది రాసినా ఇంకొకరికి అన్యాయమే. హాలడే ప్రమాదంలో పోయాక కుటుంబం ఖాళీ టోపీ కోరింది, దానికి ఎదురు చెప్పే నోరు ఎవరికీ ఉండదు. మాడక్స్ విషయంలో మాత్రం అట్లాంటాలో పదకొండేళ్లు, 194 విజయాలు. అక్కడ ఖాళీ ఉంచడం ఆయన పెద్దమనసే కావచ్చు, చూసేవాడికి మాత్రం ఏదో చెరిపేసినట్టుంటుంది.

బ్రూయర్స్ టోపీకి దుమ్ము తప్ప మరేం లేదు. ‘ఎమ్’, ‘బి’ కలిపి చేతి గ్లవ్, మధ్యలో బంతి. ఓ క్లేర్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివే టామ్ మైండెల్ 1977 పోటీలో రెండు వేల డాలర్ల బహుమతితో గెలిచిన బొమ్మ. 1978 నుంచి 1993 దాకా వాడారు, తీసేశారు, జనం వదల్లేదు, 2020లో కొద్దిగా సరిదిద్ది మళ్లీ తెచ్చారు. గీతలతోనే నిలబడే గుర్తు ఇది, రంగు తీసేసినా గ్లవ్ గ్లవ్‌లాగే ఉంటుంది. ఓరియోల్స్ నవ్వే పిట్టదీ అదే కథ. 1989లో దాన్ని తీసి, అడవిలో ఉండే పిట్టలా నిజమైన రెక్కలూ ముక్కూ గీయించారు. 2012లో నవ్వే పిట్ట తిరిగొచ్చింది. దూరం నుంచి స్టేడియంలో కనిపించాల్సిన గుర్తుకు ఈకల వివరం దండగ.

పాత టోపీ కొనేవాళ్లు గుర్తు కంటే ముందు చూరు అడుగు చూడాలి. ఆకుపచ్చ అయితే పాత కాలపు పద్ధతి, 1990ల నుంచి ఎక్కువగా బూడిద రంగు, 2007లో ఉన్ని పోయి పాలియెస్టర్ వచ్చినప్పుడు నలుపు. అక్షరాలు చదునుగా కుట్టి ఉన్నాయా, ఉబ్బెత్తుగా ఉన్నాయా చూడండి. ఉబ్బెత్తు కుట్టు 1990లలో వచ్చిన అలవాటు. 1975 నాటిదని చెప్పి నలుపు అడుగు, ఉబ్బెత్తు అక్షరాలు చూపిస్తే అది ఈమధ్య చేసిన నకలు. నకలు తప్పేం కాదు, పాతదాని ధర పెట్టకుండా ఉంటే చాలు. సైజుకు తల చుట్టుకొలత అంగుళాల్లో తీసి 3.14తో భాగించండి. చుట్టుకొలత 23 అంగుళాలైతే సుమారు ఏడూ మూడెనిమిదుల (7 3/8) సైజు. ఉన్నిదైతే ఒక మెట్టు పైది తీసుకోవడం మంచిది, చెమటకు కుంచించుకుంటుంది.

క్లీవ్‌లాండ్ టోపీ మీద ఉన్నది ‘సి’ అక్షరం. ఎర్రటి ముఖంతో నవ్వే ఆదివాసీ బొమ్మ ఉన్నది పెట్టెలో లేదు, కొనను కూడా. 2018 సీజన్ తర్వాత జట్టే దాన్ని దుస్తుల మీంచి తీసేసింది. అదే ఏడు హాల్‌కు వెళ్లిన జిమ్ థోమ్ ఆ బొమ్మ కింద ఏళ్ల తరబడి ఆడినవాడు, 612 హోమ్ రన్లు కొట్టినవాడు. ఫలకం మీద మాత్రం ‘సి’ ఉండాలని తానే అడిగాడు. పాత గుర్తు మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎంచుకోవాల్సిన దారి అదేననుకుంటాను. ఆ బొమ్మ ఒక జాతి మొహాన్ని ఆటవస్తువు చేసింది, దాన్ని కంచులో ఎప్పటికీ నిలపడానికి మనసొప్పదు.

సాయంత్రం ఆరింటికి ఎక్స్‌పోస్ టోపీ చూరు కూడా ఆరింది. ముందు భాగం ఒకచోట లోపలికి నొక్కుకుని ఉంటే కెటిల్ ఆవిరికి జానెడు దూరంలో అర నిమిషం పట్టి, లోపలి నుంచి వేళ్లతో పైకి తోసి, మళ్లీ గిన్నె మీద తొడిగాను. పట్టీ పసుపు ముప్పాతిక పోయింది. చూరూ తెలుపూ కలిసే కుట్టు వెంట మాత్రం అర అంగుళం మేర పల్చటి గులాబీ గీత. వెనిగర్ నీళ్లలో తడిపిన దూదితో అద్ది ఉంచాను, రుద్దలేదు, రుద్దితే వెడల్పవుతుంది. పొద్దున చూడాలి.