స్లీవ్ సర్జరీ తర్వాత నా వంట లాగ్

వంట నా హాబీ. బరువు తగ్గడానికి కడుపు సంచిని చిన్నది చేసే స్లీవ్ సర్జరీ చేయించుకోవాలని నిర్ణయించుకున్నాక ఆపరేషన్ కన్నా, తర్వాత ఈ సరదా ఏమైపోతుందోనని ఎక్కువ టెన్షన్ పడ్డాను. అందుకే ఏం వండాను, ఎంత తిన్నాను, తిన్నాక ఒంట్లో ఎలా ఉంది అని నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. అందులోంచి పనికొచ్చేవి ఇక్కడ పెడుతున్నా. ఈ సర్జరీలో కడుపులో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే, కాబట్టి చోటు తగ్గడం ఒక్కటే కాదు, మొదట్లో చాలామందికి అసలు ఆకలే తెలియదు. గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికే చేసే ఇంకో రకం ఆపరేషన్) వాళ్లకి కొన్ని లెక్కలు మారతాయి. ఎవరికైనా సరే, వాళ్ల డైటీషియన్ చెప్పిందే ఫైనల్.

ద్రవాల దశ

ఇందులో వండటానికి పెద్దగా ఏమీ ఉండదు: వడకట్టిన సూప్, పాలు, ప్రొటీన్ పౌడర్. అసలు పని నీళ్లతోనే. రోజుకి కనీసం లీటరున్నర అంటారు, కానీ గటగటా తాగడం కుదరదు, ఒక గుక్క తాగి కాసేపు ఆగి మళ్లీ ఇంకో గుక్క. దాహం వేసినప్పుడు చూద్దాంలే అనుకుంటే సాయంత్రానికి సగం కూడా అవదు. సీసా మీద మార్కర్‌తో గంటకో గీత గీసి పెట్టుకున్నాక దారిలో పడింది. వెనిలా పౌడర్ వాసనకే వికారం వచ్చేది, రుచీ వాసనా లేని పౌడర్ తెచ్చి సూప్‌లో కలపడం మొదలుపెట్టాను. సూప్ మరుగుతుండగా వేస్తే ఉండలు కడుతుంది. దించి, 60 డిగ్రీల కంటే కిందికి చల్లారాక, ముందు కొంచెం చల్లటి పాలల్లో కలిపి అప్పుడు పోస్తే నున్నగా వస్తుంది.

మెత్తగా రుబ్బిన తిండి

హాబీ మళ్లీ మొదలైంది ఇక్కడే, చిక్కూ ఇక్కడే. రెండు మూడు టేబుల్ స్పూన్లతో పూట గడిచిపోయేవాడికి ఒక గిన్నెడు వండితే ఎన్ని రోజులు వస్తుందో ఆలోచించండి. మిగిలినదాన్ని ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి డబ్బాలో దాచాను. మామూలు ట్రేలో ఒక్కో గడి సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు పడుతుంది, మీ ట్రే ఒకసారి నీళ్లతో కొలుచుకోండి. పూటకి కావలసిన ముక్కలు తీసి వేడిచేసుకుంటే చాలు, కొలతకి కొలతా అయిపోతుంది.

రెండో చిక్కు గురించి ముందుగా ఎవరూ చెప్పలేదు. వండేవాడు రుచి చూడాలి కదా! నాలుగుసార్లు స్పూన్‌తో రుచి చూస్తే నా భోజనం స్టవ్ దగ్గరే అయిపోయేది. పైగా నాలుక మాట నమ్మేలా లేదు, మామూలు తీపి కూడా పాకంలా తగిలేది, నిన్న బాగున్నది ఇవాళ సయించేది కాదు. దాంతో ఉప్పు చేత్తో వేయడం మానేసి తూకం పెట్టాను: వండిన పదార్థం బరువులో ఒక శాతం లోపు, అంటే అరకిలో సూప్‌కి 4 నుంచి 5 గ్రాములు. ఇంట్లో మిగతావాళ్లు సరిపోయిందన్నారు, నా నాలుక ఏమన్నా సరే ఆ లెక్కే ఉంచేశాను. ఇన్నేళ్లూ తూకం పెట్టి వండేవాళ్లని చూసి నవ్వుకున్నవాణ్ణి.

గట్టి తిండి

కడుపు నిండిందని తెలిసే తీరు మారిపోయింది. పొట్టలో బరువుగా ఉండటం కాదు, రొమ్ము ఎముక కింద ఒక ఒత్తిడి, లేదా ఒక్కసారిగా ముక్కు కారడం, వెక్కిళ్లు, తుమ్ము. మనిషి మనిషికీ ఇది వేరు, నాకు ముక్కు. అది వచ్చాక ఇంకొక్క ముద్ద అంటే నోట్లో నురగలాంటి జొల్లు ఊరుతుంది, తిన్నది పైకి వచ్చేదాకా నిమ్మళం ఉండదు. చిన్న స్పూన్, చిన్న ప్లేటు, ముద్ద మింగాక స్పూన్ కింద పెట్టడం, భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగాలి. నాకు అన్నిటికన్నా కష్టమైన రూల్ అదే, ఇప్పటికీ చెయ్యి గ్లాసు వైపు వెళ్తుంది.

ఏది దిగుతుంది అన్నది మాంసం రకం కన్నా తడి మీద ఆధారపడింది. మళ్లీ వేడిచేసిన చికెన్ బ్రెస్ట్ పొడిగా గొంతు కిందే ఆగిపోతుంది, అదే తొడ మాంసాన్ని కైమా చేసి గ్రేవీలో నిదానంగా ఉడికిస్తే హాయిగా వెళ్తుంది. చేప ఇంకా తేలిక. మెత్తటి బ్రెడ్ మాత్రం ముద్దగా అయి అడ్డం పడుతుంది. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ చేరాలి. గుడ్డుకి సుమారు 6 గ్రాములు, వండిన చికెన్ 30 గ్రాములకి 9 దాకా వస్తుంది, కాబట్టి ప్లేటులో ముందు అదే, తర్వాత కూరగాయలు, అన్నం చివర్న చోటుంటేనే. చిప్స్, బిస్కెట్, ఐస్‌క్రీమ్ ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి, అదే వాటితో ప్రమాదం. తీపి ఎక్కువైతే డంపింగ్ (తిన్నది కడుపులోంచి మరీ త్వరగా పేగుల్లోకి జారిపోవడం) కూడా: తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో గుండెదడ, చెమట, కడుపునొప్పి, లేదా ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు. బైపాస్‌లో ఎక్కువ, స్లీవ్‌లోనూ వస్తుంది.

ఆకలి తిరిగొచ్చాక

కొన్ని నెలలకి ఆకలి మెల్లగా తిరిగొచ్చింది. కంగారు పడక్కర్లేదు, అది మామూలే. కానీ జిహ్వచాపల్యం ఎక్కడికీ పోలేదు, గ్రెలిన్‌తో దానికి పని లేదు. నేను గమనించింది ఏమిటంటే, నాకు తినాలనిపిస్తోంది అనుకున్న వాటిలో చాలావరకు నిజానికి వండాలనిపించడమే. పోపు వాసన, పిండి కలపడం, ఎదురుగా ఎవరైనా ఇష్టంగా తినడం. అందుకని పెద్ద వంటలు మానలేదు, నా వాటా ముందే చిన్న గిన్నెలోకి తీసి, మిగతాది ఇంట్లోవాళ్లకి వదిలేస్తున్నా.

నోట్‌బుక్ చివరి పేజీలో మందుల పట్టిక ఉంది. క్యాల్షియం, ఐరన్ మధ్య రెండు గంటల ఎడం, బి12 సహా విటమిన్లు జీవితాంతం. నొప్పికి ఐబుప్రొఫెన్ లాంటివి సర్జన్‌ని అడగకుండా వేసుకోకూడదు. వాంతులు ఆగకపోయినా, నీళ్లు కూడా నిలవకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, థయామిన్ (విటమిన్ బి1) తగ్గితే నరాలకి దెబ్బ. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం చాలామందికి ఉంటుంది, నాకూ ఊడింది, ఇప్పుడు చిన్నచిన్నవి మొలుస్తున్నాయి.

తర్వాతి పని పచ్చి కూరగాయల సలాడ్. పీచు బాగా నమలాలి కాబట్టి క్యారెట్ సన్నగా తురిమి, పెరుగులో కాసేపు నాననిచ్చి, రెండు స్పూన్లతో మొదలుపెడతాను.