వరసకు బావే

ఆదివారం, రాత్రి.

పొద్దుటి నుంచి ముసురు. బట్టలు ఆరలేదు, కూరగాయల బండి రాలేదు. పప్పుచారు, అప్పడాలతో వంట అయిందనిపించి, మిగిలిన టైమంతా జెరూసలేం రాణుల వంశవృక్షం ముందేసుకుని కూర్చున్నాను. క్యాలెండర్ కాగితాలు తిరగేసి, ఒకదానికొకటి అతికించి గీస్తున్నాను. డైనింగ్ టేబుల్ సగం దానిదే.

జెరూసలేం కోసం ఐరోపా నుంచి యుద్ధానికి వచ్చి అక్కడే రాజ్యాలు పెట్టుకున్న క్రైస్తవులు, క్రూసేడర్లు. వాళ్ళ కుటుంబాల్లో పేర్లతోనే సగం తలనొప్పి. తాతా జోసెలినే, కొడుకూ జోసెలినే, మనవడూ జోసెలినే. ఆడవాళ్ళ పేర్లు మాత్రం దారి చూపిస్తాయి. జెరూసలేం రాజు రెండో బాల్డ్విన్‌కి నలుగురు కూతుళ్ళు: మెలిసెండ్, అలీస్, హోడియెర్నా, ఐవెటా. తల్లి మోర్ఫియా ఆర్మేనియన్. కానీ పెద్దమ్మాయికి పెట్టింది ఫ్రాన్సులో ఉన్న నాయనమ్మ పేరు, మూడో అమ్మాయికి ఆ నాయనమ్మ తల్లి పేరు. తూర్పున క్రూసేడర్లు ఏలిన ఎడెస్సాలో కాపురం పెట్టినా పేర్లు మాత్రం ఫ్రాన్సులోని నాయనమ్మ పుట్టిల్లు మోన్లెరీ నుంచే తెచ్చుకున్నారు.

ఇవాళ పట్టుకున్న కొమ్మ ఆగ్నెస్‌ది. ఎడెస్సా కౌంటు రెండో జోసెలిన్ కూతురు. 1144లో ఎడెస్సా పోయింది. 1150లో తండ్రి శత్రువులకు పట్టుబడి అలెప్పో చెరలో పడ్డాడు, 1159లో అక్కడే చనిపోయాడు. అలా ఆస్తి లేని ఆడపిల్ల అయిన ఆగ్నెస్‌ని 1157లో మెలిసెండ్ చిన్నకొడుకు అమాల్రిక్ చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు, సిబిల్లా, బాల్డ్విన్. 1163 ఫిబ్రవరిలో అన్న చనిపోయి అమాల్రిక్‌కి రాజ్యం వచ్చేసరికి, ఆమెను వదిలేస్తేనే కిరీటం అని సామంతులు పట్టుబట్టారు. వదిలేశాడు. పిల్లలు మాత్రం సక్రమ సంతానమేనట, తల్లి మటుకు రాణి కాదట!

పైకి చెప్పిన కారణం రక్తసంబంధం. అప్పటి చర్చి ఏడు తరాల దాకా చుట్టరికం ఉంటే పెళ్ళి కుదరదనేది. 1215లో దాన్ని నాలుగుకు తగ్గించారు. వీళ్ళు సరిగ్గా నాలుగో తరంలో కలుస్తారు, కాబట్టి కొత్త లెక్కలోనూ తప్పించుకోలేరు. పెళ్ళి నాడే జెరూసలేం చర్చికి పెద్ద అయిన పాట్రియార్క్ ఫుల్చర్ అభ్యంతరం చెప్పాడు, అది నిజమే. కానీ ఆరేళ్ళు ఎవరికీ పట్టని చుట్టరికం కిరీటం దగ్గరకొచ్చేసరికి అంత పాపం ఎలా అయింది? ఎడెస్సా నుంచి చేతులూపుకుంటూ వచ్చిన ఆగ్నెస్ పుట్టింటివాళ్ళు ఆస్థానంలో పెత్తనం చేస్తారనే భయమే అసలు సంగతని నాకు అనిపిస్తుంది.

టీ తీసుకొచ్చిన అత్తయ్య కాగితం మీదికి వంగి, "ఎవరు వీళ్ళంతా? ఎవరికెవరు ఏమవుతారు?" అన్నారు. వేలితో చూపిస్తూ చెప్పాను. మోన్లెరీలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకావిడ కొడుకు రెండో బాల్డ్విన్, ఇంకొకావిడ కొడుకు మొదటి జోసెలిన్. బాల్డ్విన్ కూతురు మెలిసెండ్, ఆమె కొడుకు అమాల్రిక్. జోసెలిన్ కొడుకు రెండో జోసెలిన్, ఆయన కూతురు ఆగ్నెస్.

అత్తయ్య టీ కప్పు ఇంకా కింద పెట్టనేలేదు. "అక్కచెల్లెళ్ళ కొడుకులు అన్నదమ్ములేగా. వాళ్ళ పిల్లలు, ఆ మెలిసెండూ ఈ రెండోవాడూ అక్కాతమ్ముళ్ళు. అక్క కొడుకు, తమ్ముడి కూతురు... వరసకు బావే కదే! ఇంకేం, లక్షణమైన మేనరికం. మరెందుకు విడదీశారు?"

నేను కాసేపు కాగితం వైపు చూస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నమంతా నాలుగో తరం, నాలుగో తరం అని లెక్కపెట్టిన దానికి మా ఇంట్లో పెళ్ళిపత్రిక వేయించేవాళ్ళు. అక్కడ తరాలు దగ్గరైతే తప్పు. ఇక్కడ దగ్గరైనా ఫరవాలేదు, వరస తప్పకూడదు. "వాళ్ళ మతంలో కుదరదు అత్తయ్యా" అంటే, "పిల్లలు పుట్టాక గుర్తొచ్చిందా మతం?" అని పప్పు డబ్బా మూత పెట్టడానికి వెళ్ళిపోయారు.

ఇలాంటి ఆవిడ ఒకరు అప్పుడూ ఉన్నారు. ఈ కథంతా రాసిన టైర్ ఆర్చిబిషప్ విలియం, విడాకులప్పుడు ఐరోపాలో చదువుకుంటున్నాడు. తిరిగొచ్చాక ఆ చుట్టరికం ఏమిటో తేల్చుకోవాలనుకుంటే, విప్పి చెప్పింది మఠాధిపతి స్టెఫానియా. ఆమె మొదటి జోసెలిన్ కూతురే, అంటే ఆగ్నెస్‌కి మేనత్త. వయసు మీద పడినా జ్ఞాపకశక్తి గట్టిదని విలియం మెచ్చుకున్నాడు. అన్ని తరాల చుట్టరికాలూ ఆ ముసలావిడ నోట్లో ఉండబట్టే ఇవాళ నా కాగితం మీదికి వచ్చాయి. ఆమె పేరు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను.

ఆగ్నెస్ అంటే మాత్రం విలియంకి పడదు. దేవుడికి గిట్టని మనిషి అనేదాకా వెళ్ళాడు. 1180లో జెరూసలేం పాట్రియార్క్ పదవి తనకు రాకుండా హెరాక్లియస్‌కి పోయింది, వెనక ఉన్నది ఆగ్నెస్ అని చాలామంది చెప్తారు. ఆమె గురించి మనకు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం ఈయన చెప్పిందే కాబట్టి కొంచెం ఉప్పు తగ్గించుకునే చదవాలి.

సిబిల్లా దగ్గర ఆగి లేచాను. ఆమెను పెంచింది నాయనమ్మ చెల్లెలు ఐవెటా, బెథనీ మఠంలో. 1186లో రాజ్యం వచ్చినప్పుడు ఆమెకూ తల్లికి పెట్టిన షరతే పెట్టారు, భర్త గై ఆఫ్ లూసిన్యాన్‌ని వదిలెయ్యమని. సరే అంది, కానీ కూతుళ్ళు సక్రమ సంతానంగానే ఉండాలి, తర్వాతి మొగుణ్ణి నేనే ఎంచుకుంటాను అని ఒప్పించుకుంది. కిరీటం తన తల మీద పడ్డాక గైనే పిలిచి, అతని నెత్తిన కిరీటం పెట్టింది. ఆగ్నెస్ అప్పటికే పోయింది.

అత్తయ్యకి ఇది చెప్తే, "అదీ పిల్లంటే" అన్నారు.