గవర్నర్‌పేట, గవర్నర్పేట: తెలుగు ఫైళ్లున్న రిపోలో మొదటి పుల్ రిక్వెస్ట్

పుల్ రిక్వెస్ట్ అంటే మీ మార్పుని అసలు ప్రాజెక్టులో కలపమని అడగడం. గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో ఫోన్ హాట్‌స్పాట్ మీదే కోడ్ రాసేవాళ్లు చాలామంది. అందుకని గిట్‌హబ్‌లోని రిపో (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి మార్పుల చరిత్ర ఉండే చోటు) దించుకునే ముందు దాని సైజు చూడండి. ఏళ్ల తరబడి ఫొటోలు చేరిన రిపో అయితే మామూలు క్లోన్ (రిపోని మీ కంప్యూటర్‌లోకి దించడం) పాత వెర్షన్లన్నిటినీ లాక్కొస్తుంది. డెప్త్ 1 అని ఇస్తే ఆఖరి కమిట్ (చరిత్రలో చేరిన ఒక్కో మార్పు) మాత్రమే వస్తుంది కానీ, ఏ లైను ఎప్పుడు ఎందుకు మారిందో తెలియదు. ఫిల్టర్ ఆప్షన్‌కి ‘బ్లాబ్ నన్’ (blob:none) ఇవ్వడం మేలు. కమిట్ల చరిత్ర మొత్తం ఉంటుంది, పాత ఫైళ్లు కావలసినప్పుడే దిగుతాయి.

క్లోన్ చేయాల్సింది మీ ఫోర్క్‌ని, అంటే మీ అకౌంట్‌లోకి తీసుకున్న రిపో కాపీని. అసలు రిపోని ‘అప్‌స్ట్రీమ్’ పేరుతో రెండో రిమోట్‌గా (మార్పులు తెచ్చుకునే చిరునామాగా) చేర్చుకోండి. పుష్ చేస్తే, అంటే మార్పులు గిట్‌హబ్‌కి పంపితే, పాస్‌వర్డ్ తప్పంటోందా? గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి అకౌంట్ పాస్‌వర్డ్‌తో పుష్ తీసుకోవడం లేదు. టోకెన్ (పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే రహస్య కోడ్) గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ (మీరెవరో రుజువు చేసే కీ ఫైళ్ల జత, అందులో ఒకటి ప్రైవేట్) గానీ కావాలి. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో ప్రైవేట్ కీ వదిలి రావద్దు.

ఒక్క అక్షరం కూడా మార్చకముందే రీడ్‌మీలో చెప్పినట్టు బిల్డ్ చేసి చూడండి. అప్పుడే ఫెయిలైతే తప్పు మీ మార్పుది కాదని తేలిపోతుంది. తర్వాత కొత్త బ్రాంచ్ (మీ మార్పులకు విడి దారి) తీయండి. అసలు బ్రాంచ్ అయిన మెయిన్ మీద నేరుగా కమిట్ చేస్తే రెండో మార్పు పంపేటప్పుడు మొదటిది కూడా వెంట వస్తుంది.

ఇక తెలుగు సంగతి. ‘గవర్నర్‌పేట’లో ర్ తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటుంది, యూనికోడ్‌లో 200సీ. అది లేకపోతే ప కిందికి దిగి ‘గవర్నర్పేట’ అవుతుంది. చదివేవాళ్లకు ఒకే పేరే, సెర్చ్‌కి మాత్రం రెండు వేరు పదాలు. అదే అక్షరం పదం చివర పడితే ఇంకా చిక్కు: డిఫ్‌లో (మార్పుల పోలికలో) పాత లైను, కొత్త లైను అచ్చం ఒకేలా కనిపిస్తాయి. ఎడిటర్‌లో ఆ కోడ్‌తో వెతికి పదం చివర ఉన్నవి తీసేయండి. రిపో మొత్తంలో సరిచేయాలనిపిస్తే ముందు ఇష్యూ (రిపోలో చర్చ) తెరిచి అడగండి. వేరే పనితో కలిపి పంపితే రివ్యూ చేసేవారికి నరకమే.

ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచి, శీర్షిక లోపల తెలుగులో పెట్టడమే నాకు సరైనదనిపిస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. అక్షరం, గుణింతం, సున్నా విడివిడిగా లెక్కిస్తే ‘గుంటూరు’లో 7 గుర్తులు, అంటే 21 బైట్లు. లింకులో ఒక్కో బైటుకు 3 అక్షరాలు పడతాయి కాబట్టి అక్కడికి వెళ్లేసరికి అదే 63 అక్షరాలవుతుంది. లినక్స్‌లో ఫైలు పేరుకు మామూలుగా 255 బైట్లే హద్దు, తెలుగులో 85 గుర్తులు దాటకూడదు. విండోస్‌లో సరిపోయిన పొడవాటి పేరు లినక్స్ సర్వర్ మీద చెకవుట్ కాకపోవడానికి (ఫైలుగా దిగకపోవడానికి) కారణం ఇదే. గిట్ స్టేటస్‌లో తెలుగు పేరు బదులు 340, 260 అంటూ అంకెలొస్తుంటే ‘కోర్ డాట్ కోట్‌పాత్’ (core.quotepath) సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి.

ఒక్క పదం దిద్దితే ఫైలంతా మారినట్టు చూపిస్తోందంటే చాలావరకు విండోస్ లైన్ ఎండింగుల (లైను ముగింపు గుర్తుల) పనే. ఎడిటర్‌లో ఎల్‌ఎఫ్‌కి (లినక్స్ వాడే ముగింపు గుర్తుకి) మార్చి సేవ్ చేశాకే కమిట్ చేయండి.

కమిట్ మొదటి లైను 50 అక్షరాల లోపు, పని చెప్పేలా ఉండాలి: ‘ప్రకాశం బ్యారేజీ పేజీలో సంవత్సరం 1957గా దిద్దాను’. ‘అప్‌డేట్’ అని వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. రివ్యూలో మార్పులు అడిగితే కొత్త పుల్ రిక్వెస్ట్ తెరవొద్దు, అదే బ్రాంచ్‌కి పుష్ చేస్తే చాలు. అప్‌స్ట్రీమ్ మీద రీబేస్ చేశాక, అంటే మీ కమిట్లను అసలు రిపో తాజా కమిట్ల తర్వాతకి మార్చాక, మామూలు పుష్ వెళ్లదు. అప్పుడు ఉత్త ఫోర్స్ కాకుండా ‘ఫోర్స్ విత్ లీజ్’ వాడండి. మీరు చూడని కమిట్ ఆ బ్రాంచ్‌లో ఇంకెవరిదైనా ఉంటే అది పుష్‌ని ఆపేస్తుంది.