విప్పడమే కష్టం

నిపా వైరస్ సోకినవాళ్లు వస్తే ఏం చెయ్యాలో బెంగళూరులోని మా ఆసుపత్రిలో నిన్న డ్రిల్ పెట్టారు. పీపీఈ, అంటే గౌను, గ్లౌజులు, మాస్కు లాంటి రక్షణ దుస్తులు, వేసుకోవడం అందరికీ త్వరగానే వచ్చేసింది. విప్పడమే కష్టం. గౌను బయటి వైపు ఒంటికి తగలకుండా లోపలికి చుట్టుకుంటూ తీయాలి, ఒక్కొక్కటి తీసినప్పుడల్లా చేతులు శుభ్రం చేసుకోవాలి, ఎదురుగా ఇంకొకరు నిలబడి చూస్తూ చెప్తుండాలి. వైరస్‌కి బదులు గ్లౌజులకి యూవీ లైటులో మెరిసే లోషన్ రాసి, అంతా విప్పాక ఆ లైటు వేస్తే ఒక సిస్టర్‌కి మణికట్టు మీద, చెవి వెనక మెరిసింది. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. తనే అడిగి మళ్లీ చేసింది, ఈసారి ఎక్కడా మచ్చ లేదు.

హౌస్‌కీపింగ్ అక్కల్లో చాలామంది హిందూపురం, మదనపల్లె వైపు వాళ్లు. ఇంగ్లీషు స్లైడ్లు వాళ్లకేం అర్థమవుతాయి? తెలుగులో చెప్తుంటే ఒకావిడ, "వాంతి తుడిచిన గుడ్డ యాడెయ్యల్ల మేడం?" అంది. రోజంతా ఇంత అవసరమైన ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. పసుపు సంచిలో వెయ్యాలక్కా, వేసి మూతి కట్టెయ్యాలి.

2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో నిపా సోకినవాళ్లలో 75 శాతం మంది ఆసుపత్రి సిబ్బంది, రోగుల్ని చూడ్డానికి వచ్చినవాళ్లే. 2018లో కేరళలోని పేరాంబ్రలో నర్సు లినీ రోగికి సేవ చేస్తూ జబ్బు అంటుకుని చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఆమె తలపుకొస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

సెక్యూరిటీ వాళ్లకి, స్ట్రెచర్ తోసేవాళ్లకి, నైట్ షిఫ్టు వాళ్లకి కూడా ఇదే డ్రిల్ పెట్టమని అడిగాను. ఒప్పుకున్నారు. తెలుగు బ్యాచ్‌కి నేనే చెప్తాను.