ఈవీ పొగ ఎక్కడికి పోయింది?

ఈవీకి, అంటే ఎలక్ట్రిక్ కారుకి, సైలెన్సర్ లేదు కాబట్టి పొల్యూషన్ జీరో అనేవాళ్ళు ఒకపక్క, ఆ కరెంటు బొగ్గు నుంచేగా వచ్చేది ఇంకేం లాభం అనేవాళ్ళు ఇంకోపక్క. ఈ గోల విని విని విసుగొచ్చి, అసలు లెక్కేంటో చూద్దామని కూర్చున్నా.

లీటర్ పెట్రోల్ కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారైతే కిలోమీటరుకి 150 గ్రాముల పైచిలుకు, ఇక క్రూడ్ తోడి రిఫైనరీలో శుద్ధి చేసి బంకు దాకా తెచ్చేటప్పుడు వచ్చే పొగ కూడా కలిపితే ఇంకాస్త ఎక్కువే. ఈవీ 100 కిలోమీటర్లకి 15 యూనిట్లు తాగుతుందనుకోండి, బొగ్గు ప్లాంటులో యూనిట్‌కి కిలో దాకా వస్తుంది, అంటే కిలోమీటరుకి అదే 150, పైన లైన్లలోనూ ఛార్జర్లోనూ పోయేది వేరు. బ్యాటరీ తయారీలో టన్నులకొద్దీ ముందే గాల్లో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి కరెంటంతా బొగ్గుదే అయితే రెండో బ్యాచ్ వాదన కరెక్టే.

కాకపోతే వందకి వంద బొగ్గు మీద నడిచే గ్రిడ్‌లు (కరెంటు సరఫరా నెట్‌వర్కులు) ఎన్నున్నాయి చెప్పండి? గ్యాస్ ప్లాంటుకొస్తే యూనిట్‌కి 400 గ్రాములకి అటూఇటూ, అంటే సగం కూడా లేదు. నార్వేలో దాదాపు అంతా జలవిద్యుత్తే, ఫ్రాన్స్‌లో మూడింట రెండొంతులు అణువిద్యుత్తు, అక్కడ అదే కారు కిలోమీటరుకి పది గ్రాములు దాటడం కష్టం.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ బ్రిటన్. 2012లో వాళ్ళ కరెంటులో 40 శాతం దాకా బొగ్గుదే. 2024 సెప్టెంబర్ 30న చివరి బొగ్గు ప్లాంటు రాట్‌క్లిఫ్ కూడా మూతపడింది. 2012లో కొన్న ఈవీ ఉంటే, ఒక్క నట్టు మార్చకుండానే ఏటేటా క్లీన్ అవుతూ వచ్చినట్టే కదా! పాత పెట్రోల్ బండికి ఆ యోగం లేదు, దాని మైలేజ్ పడిపోవడమే గానీ.

ఇంకోటి, ఎప్పుడు ఛార్జ్ పెడుతున్నాం అన్నది ఎవరూ పట్టించుకోరు. సోలార్ బాగా ఉన్న గ్రిడ్‌లో మధ్యాహ్నం కరెంటు ఒక్కోసారి వాడేవాళ్ళు లేక ప్యానెళ్ళు ఆపేస్తారు, అదే సాయంత్రం ఏడింటికి అందరూ ఇంటికొచ్చి ఒకేసారి ప్లగ్ పెడితే ఎండ ఉండదు, బొగ్గు, గ్యాస్ ప్లాంట్లనే పెంచాలి. గాలిమరలు ఎక్కువున్న చోటైతే అర్ధరాత్రి నయం. చాలా ఈవీల్లో టైమర్ ఆప్షన్ ఉంటుంది, సెట్టింగ్స్‌లోకెళ్ళి ఓసారి చూడండి.