కరెంటు రాంగానే

"చల్లబడిన సెల్‌ని అట్లాగే ఛార్జింగ్‌కి పెట్టకూడదని మీ ఊళ్ళో ఎవరూ చెప్పలేదా?"

జర్మనీలో మా ల్యాబ్ పెద్దావిడ అన్న మాట. తప్పు నాదే. మైనస్ 30 డిగ్రీల్లో ఉన్న లిథియం బ్యాటరీ సెల్‌ని చలి చాంబర్‌లోంచి తీసి, తీసిందే తడవుగా ఛార్జర్‌కి తగిలించాను. తిట్టినందుకు బాధ లేదు, ఆ 'మీ ఊళ్ళో' ఉంది చూడండి, అదీ గుచ్చుకుంది. పత్తికొండలో ఎవరు చెప్తారమ్మా? మా దగ్గర బ్యాటరీకి పగ ఎండతోనే. ఇన్వర్టర్‌లో డిస్టిల్డ్ వాటర్ ఇంకిపోకుండా చూసుకోవడంతోనే మా చదువు సరి.

సున్నాకి దిగువన ఛార్జ్ చేస్తే లిథియం ఎలక్ట్రోడ్‌లోకి ఇమడదు, పైనే లోహంగా పేరుకుంటుంది. చంద్రుడి మీది రోవర్లకూ ఇదే గండం. అక్కడ రాత్రంటే మన లెక్కలో 14 రోజులు. పొద్దు పొడిచి సోలార్ పలకల మీద ఎండ పడినా బ్యాటరీ ఇంకా బిగుసుకునే ఉంటుంది. ముందు వెచ్చబడాలి, ఆ తర్వాతే ఛార్జింగ్.

భోజనాల దగ్గర ఇంకొకాయన అందుకున్నాడు: "1970లోనే రష్యావాళ్ళ చంద్ర రోవర్ లూనోఖోద్ మూత మూసుకుని, పొలోనియం అనే రేడియోధార్మిక లోహం వేడితో రాత్రుళ్ళు గట్టెక్కింది, మరి మీ చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్?" అది 756 కిలోలు, మాది 26. పైగా మావాళ్ళు చేసిందే అక్కడి ఒక్క పగటికి. ఆ పని ముగించుకునే 2023 సెప్టెంబరు 2న నిద్రపోయింది. 22న పిలిస్తే పలకలేదు, నిజమే. పలికి ఉంటే అది కొసరు. ఈ జవాబులన్నీ నాకు ట్రామ్ ఎక్కాకే తోచాయనుకోండి.

సంక్రాంతికి ఊరొచ్చాను. బుడ్డల చేను దగ్గర కరెంటు వచ్చింది. నా చెయ్యి మోటారు స్టార్టర్ పచ్చ బటన్ మీదికి పోయింది. నాయన గబుక్కున పట్టుకున్నాడు.

"ఆగురా. రాంగానే ఏస్తే ఎట్ల? అందరి మోటార్లూ ఒక్కసారే గుంజుతాయి. ముల్లు నిలబడనీ."

ఆటో స్టార్టర్లు పెట్టుకున్న కొత్తలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, తలా ఇంత వేసుకుని ట్రాక్టర్లో రిపేరుకి తీసకపోయిన సంగతి ఆయన మర్చిపోలేదు. ఓల్టు మీటరు ముల్లు 300 దగ్గర వణికి, మెల్లగా పైకి పాకి, 400 దాటి నిలిచింది. అప్పుడు నొక్కాడు.

"ఆడ మీకు ఇట్లాంటివి చెప్తారా?"

"చెప్తారు నాయనా" అన్నాను. ఎట్లా చెప్పారో చెప్పలేదు.